దాపట బాట, ఎలపట బాట

రోడ్డుకు ఏ పక్కన బండి నడపాలన్న విషయం మీద చరిత్ర వ్యాసమేమిటని మిత్రులు నవ్వవచ్చు. నవ్వండి, అభ్యంతరం లేదు. నేనూ ఒకప్పుడు నవ్వేవాణ్ణే. మా కాక కాలు విరిగిన నాటినుండి మాత్రం ఈ విషయం నాకు నవ్వులాటగా తోచడం మానేసింది.

మా కాక పదహారేళ్లు సౌదీలో ఇంటి డ్రైవరుగా పనిచేశాడు. మా మెట్‌పల్లి, కోరుట్ల దిక్కున గల్ఫంతా దుబాయే. మనిషి రియాద్‌లో ఉన్నా, మస్కట్‌లో ఉన్నా, కువైట్‌లో ఉన్నా "దుబాయి పోయిండు" అనే అంటారు. కాక కూడా అలాగే 1988లో "దుబాయి" పోయి, 2004లో తిరిగివచ్చాడు. పోకముందు ఊళ్లో ట్రాక్టరు, ఆ తరువాత నాలుగేళ్లు లారీ నడిపిన చేయి ఆయనది. వచ్చిన మూడవ వారంలో బస్టాండు ముందర రోడ్డు దాటబోతూ, ఎడమవైపు శ్రద్ధగా చూసి, ఏ బండీ రావడంలేదని నిర్ధారించుకుని, అడుగు ముందుకు వేశాడు. జీపు కుడివైపు నుండి వచ్చింది.

ఆసుపత్రిలో అందరూ "చూసుకోక దాటితివా" అని అడిగినవారే. ఆయనకు కోపం వచ్చింది. "సూడకుంట ఎట్ల దాటుత బిడ్డా? సూసినంకనే దాటిన" అన్నాడు నాతో. ఆ మాట అక్షరాలా నిజం. ఆయన చూశాడు. పదహారేళ్లుగా బండ్లు వచ్చిన దిక్కుకే చూశాడు. చూపుకు కూడా ఒక దేశం ఉంటుందని నాకు తెలిసింది ఆ రోజుననే.

మా తాతకు ఈ ఇబ్బంది ఉండేది కాదు. ఆయన బండికి కాడి కట్టిన రెండెద్దులలో ఎడమవైపుది దాపటెద్దు, కుడివైపుది ఎలపటెద్దు. పుస్తకాలలో దాపల, వలపల అని రాస్తారు. మన రైతుకు కుడి ఎడమలు తన చేతులనుబట్టి కాక ఎద్దులనుబట్టి తెలిసేవన్నమాట. దాపట కట్టిన ఎద్దును ఒకనాడు ఎలపట కడితే అది సాగదు, మెడ తిప్పుతుంది, కాడి ఒరుస్తుంది. ఎదురుగా మరో బండి వస్తే ఎవరు ఏ పక్కకు తప్పుకోవాలన్న దానికి రాతలో నియమం ఏదీ లేదు. బరువు బండికి ఉత్త బండి దారి ఇవ్వాలనేది మాత్రం గట్టి కట్టుబాటు అని తాత చెప్పేవాడు. గడ్డి మోపులతో వచ్చేవాడికి ఉత్త బండివాడు బాట దిగి చేనిలోకి తోలి ఆగేవాడట. పక్కను కాదు, బరువును చూసే న్యాయం అది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి రావలసి ఉంది.

ఎడమ పక్కను మనకు ఇచ్చినది ఇంగ్లీషువాడు. బ్రిటనులో ఎడమగా నడవాలన్న ఆచారం పాతదే అయినా 1835 నాటి రహదారుల చట్టంతో దానికి గట్టి శాసనబలం వచ్చింది. తాము ఏలిన చోటికల్లా దానిని తీసుకుపోయారు. కరీంనగరు, ఆదిలాబాదు నేరుగా ఇంగ్లీషు ఏలుబడిలో లేవు, నిజాం రాజ్యంలో ఉన్నాయి. అయినప్పటికీ చుట్టూ ఉన్న బ్రిటిషు ఇండియా ఎడమగా నడుస్తుండగా మధ్యన ఉన్న సంస్థానం కుడిగా నడవడం సాధ్యమయ్యే పని కాదు. నాణెం వేరుగా ఉంచుకున్నాడు నిజాం, తపాలా బిళ్ళ వేరుగా ఉంచుకున్నాడు, రోడ్డు పక్కను మాత్రం ఉంచుకోలేదు. 1929లో కాజీపేట, బల్హార్షా మధ్య రైలుమార్గం పూర్తయి పెద్దపల్లి, మంచిర్యాల, సిర్పూరు మీదుగా మన ప్రాంతం ఉత్తరాదితో కలిసింది. 1932లో నిజాం రైల్వే వారే రోడ్డు రవాణా శాఖను ఆరంభించారు, 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో. నేటి మన ఆర్టీసీకి మూలం అదే. రైలువారు బస్సు నడపడం ఇప్పుడు వింతగా ఉంటుంది గానీ, స్టేషనులో దిగినవాడిని రైలు పట్టాలు లేని ఊరికి చేర్చడం అనే ఆలోచన మాత్రం చక్కనిదే.

ఇక అరబ్బుల వైపు కథ. ఇది నాకు చాలాకాలం తెలియదు, తెలిసినాక చాలారోజులు నిద్రపట్టలేదంటే అతిశయోక్తి అనుకోకండి.

నేడు మనం యు.ఏ.ఈ. అని పిలిచే ఎమిరేట్లు 1971 డిసెంబరు దాకా బ్రిటిషు రక్షణలో ఉన్న చిన్నచిన్న షేకుల రాజ్యాలు. 1947కు ముందు ఆ పరగణాల వ్యవహారాలు చూసే బ్రిటిషు అధికారులు జవాబు చెప్పుకోవలసింది ఇండియా ప్రభుత్వానికి. అక్కడి బజారులో చెల్లింది మన రూపాయి. మనకు స్వాతంత్ర్యం వచ్చాక కూడా అదే చెల్లింది. బంగారం దొంగరవాణా పెరిగి మన విదేశీ మారకం కరిగిపోతుంటే, 1959లో రిజర్వు బ్యాంకు ఆ ప్రాంతానికని ప్రత్యేకంగా గల్ఫ్ రూపాయిని అచ్చువేసింది. 1966 జూన్ 6న ఇందిరాగాంధీ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించగానే వాళ్ల సొమ్ము విలువ కూడా రాత్రికి రాత్రి పడిపోయింది. ఆ ఏడే దుబాయి, అబూధాబీ, తక్కిన ఎమిరేట్లు రూపాయిని వదిలేశాయి.

ఆ ఏడే, 1966 సెప్టెంబరులో, అవి ఎడమ పక్కను కూడా వదిలేశాయి. అంతవరకూ మనలాగానే ఎడమగా నడిచిన బండ్లు కుడికి మారాయి. మరుసటి ఏడు బహ్రెయిను కూడా మారింది. పెద్ద పొరుగైన సౌదీ కుడిగా నడుస్తుండగా చిన్న రాజ్యాలు ఎడమగా ఎంతకాలం నడవగలవు? నిజాంకు పట్టిన గతే వాళ్లకూ పట్టింది, పొరుగు మారిందంతే. మన చిల్లర, మన పక్క ఒకే ఏడాదిలో అక్కడినుండి వెళ్లిపోయాయి. 1973లో చమురు ధర పెరిగి, ఆ తరువాత సిరిసిల్ల, జగిత్యాల, నిర్మల్ దిక్కునుండి మనవాళ్లు బొంబాయి మీదుగా బయలుదేరేనాటికి అక్కడ మనకు తెలిసిన పక్క మిగలలేదు. ఓ పదేళ్లు ముందు పోయి ఉంటే మా కాకవంటి వాళ్లు పాత చూపుతోనే బతికి ఉండేవాళ్లు. (సౌదీ ఎమిరేట్లలో భాగం కాదని నాకూ తెలుసు. "దుబాయి" అన్న మాటను ఊరివాళ్లు వాడినట్టే వాడుతున్నాను.)

పక్క మార్చుకోవడం లోకంలో కొత్త కాదు. స్వీడను 1967 సెప్టెంబరు 3 తెల్లవారుజామున మారింది. బర్మా 1970లో ఎడమ నుండి కుడికి మారింది. మన కోస్తా తెలుగువాళ్లు తరాలుగా బతికిన రంగూను అది, మారేనాటికి వాళ్లలో చాలామంది వెళ్లగొట్టబడ్డారు. అక్కడ పక్క మారినా స్టీరింగు మారలేదు. జపాను నుండి తెచ్చుకున్న పాత బండ్లన్నిటికీ స్టీరింగు కుడివైపే. కుడిగా నడిచే రోడ్డు మీద కుడి స్టీరింగుతో ముందు లారీని దాటాలంటే పక్కన కూర్చున్నవాడు తొంగిచూసి చెప్పాలి. ఆ దేశానికి తూర్పున థాయిలాండు ఎడమగానే మిగిలింది, దానికి ఆవల లావోసు ఫ్రెంచివాళ్లు ఏలిన దేశం కాబట్టి కుడి. 1994లో ఆ రెంటి నడుమ మెకాంగు నది మీద వంతెన కట్టినప్పుడు, వంతెన మీద థాయి పద్ధతిలో ఎడమగా నడిచి, లావోసు ఒడ్డుకు చేరగానే దీపాల వద్ద ఆగి కుడికి దాటుకునే ఏర్పాటు చేశారు. పక్కపక్క దేశాలు తమ తమ ఏలికల ఆచారాలను ఎంత జాగ్రత్తగా కాపాడుకుంటున్నాయో చూశారా!

దీనికి పూర్తిగా భిన్నం 1986లో తెరిచిన సౌదీ బహ్రెయిను వారధి. సముద్రం మీద పాతిక కిలోమీటర్లు. బహ్రెయిను ముందే మారిపోయింది గనుక అక్కడ ఎక్కడా దాటుకునే పని లేదు. మా కాక తన సేటు కుటుంబాన్ని శుక్రవారాలు ఆ వారధి మీద తీసుకుపోయేవాడు. "నీళ్ల మీద బండి తోలినట్టుంటది" అని చెప్పేవాడు, అంతకుమించి చెప్పేవాడు కాదు. బహ్రెయినులో తాను కారులోనే కూర్చుని ఎదురుచూసేవాడు కాబట్టి చెప్పడానికి ఏమీ లేకపోయింది కాబోలు.

ఇంతకీ ఇంటి డ్రైవరు అన్న కొలువు ఎలా పుట్టింది? ఆ దేశంలో ఆడవాళ్లు కారు నడపడానికి అనుమతి లేదు. బడికి, బజారుకు, ఆసుపత్రికి, చుట్టాలింటికి తీసుకుపోవడానికి మగ డ్రైవరు కావాలి. ఇంట్లో మగవాళ్లకు తీరిక లేనివాళ్లు, ఉన్నవాళ్లు, అందరూ డ్రైవర్లను తెప్పించుకున్నారు. 2018 జూన్ 24న ఆ నిషేధం తొలగింది. మా కాక పదహారేళ్ల జీవితం, ఆయన పంపిన సొమ్ముతో లేచిన డాబా, ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు, నా ఇంటర్మీడియట్ ఫీజు, అన్నీ ఆ ఒక్క రోడ్డు నిబంధన మీద నిలిచినవే. మంచి నిబంధన అని అనలేను. దాని అన్నం తినలేదని కూడా అనలేను.

పక్క సంగతి ఇలా ఉంచి, నిబంధన వెనుక నడిచే ఆచారాల దగ్గరికి వస్తే తేడాలు ఇంకా లోతుగా ఉంటాయి.

కరీంనగరు టవర్ సర్కిల్లో మీరు బండి మీద తిరిగితే గడియారస్తంభం మీ కుడిచేతివైపు ఉంటుంది. అంటే ప్రదక్షిణ చేస్తున్నారన్నమాట. వేములవాడలో కోడె మొక్కు చెల్లించేవాళ్లు కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగేదీ ఇదే దిశలో. కుడిగా నడిచే దేశాలలో సర్కిల్‌ను దీనికి వ్యతిరేకంగా తిరుగుతారు, మధ్యనున్నది ఎడమచేతివైపు ఉంటుంది. మక్కాలో కాబా చుట్టూ భక్తులు తిరిగే దిశ కూడా అదే. ఇది కేవలం కాకతాళీయం. ఇంగ్లీషువాడు మన గుడిని చూసి ఎడమను ఎంచుకోలేదు, అరబ్బులూ కాబాను చూసి రోడ్డు మార్చుకోలేదు. అయినా కాక మొదటి నెలలో సర్కిల్ ఎక్కినప్పుడల్లా "ఉల్టా తిరుగుతున్న" అని లోపల బెరుకుగా ఉండేదని చెప్పినప్పుడు ఆ బెరుకు ఎక్కడిదో నాకు తెలిసినట్టే అనిపించింది.

అక్కడ సర్కిల్లో ఉన్నవాడిదే ముందు, బయట ఉన్నవాడు ఆగాలి. మన దగ్గరా చట్టంలో ఈ మాట ఉన్నది. దీపాలు లేని కూడలిలో కుడివైపు నుండి వచ్చేవాడికి దారి ఇవ్వాలని 1989 నాటి రోడ్డు నియమావళి చెప్పింది, 2017లో వచ్చిన కొత్త నియమావళిలో సర్కిల్లో ఉన్నవాడికి ప్రాధాన్యం అని ఇంకా స్పష్టంగా రాశారు. ఆచరణలో ఎవరి బండి పెద్దదైతే వాడిదే ముందు. లారీకి ఆటో, ఆటోకు స్కూటరు, స్కూటరుకు నడిచేవాడు. మా తాత చెప్పిన న్యాయంలో ఉత్త బండి బరువు బండికి తప్పుకునేది, ఎందుకంటే బరువు లాగే ఎద్దు కష్టం ఎక్కువ. ఇప్పుడు కూడా బరువుకే దారి ఇస్తున్నాం, కానీ కష్టం చూసి కాదు, భయం చూసి. తాత నియమంలో నుండి ఎద్దును తీసేసి మిగిలినదాన్ని ఉంచుకున్నాం.

కొండదారిలో మాత్రం తాత న్యాయం చట్టంలోనే మిగిలి ఉంది. ఇరుకైన ఘాటులో పైకి ఎక్కే బండికి కిందికి దిగే బండి దారి ఇవ్వాలని ఆ 1989 నియమావళిలోనే ఉన్నది. ఆదిలాబాదు వాళ్లకు ఇది పుస్తకం చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాటులో, కెరమెరి ఘాటులో లారీ నడిపినవాడు ఎవడైనా ఎక్కే బండి ఆగితే మళ్ళీ కదలడం ఎంత కష్టమో ఎరుగును. మా కాక లారీ రోజులలో దిగేవాళ్లు ముందే ఆగి, క్లీనరు చేయి ఊపి పైకి రమ్మనేవాడట. గల్ఫులో ఆయన ఎప్పుడూ చేయి బయటపెట్టలేదు. ఏసీ కారు అద్దం దించడం సేటుకు ఇష్టం ఉండదు.

ఘాటు అనగానే 2018 సెప్టెంబరు 11 గుర్తుకు రాక తప్పదు. కొండగట్టు నుండి దిగుతూ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయారు. అందులో పట్టవలసినవారికంటే చాలా ఎక్కువమంది ఉన్నారు. "జాగ ఉన్నది రాండ్రి" అని పిలిచి ఎక్కించుకోవడం, ఎక్కనివ్వకపోతే కోపగించుకోవడం మన ఆచారం. తోటివాడిని రోడ్డు మీద వదిలిపోకూడదన్న మంచి ఉద్దేశం కూడా ఆ ఆచారంలో ఉంది, నేను కాదనను. సేటు కారులో ఏడు సీట్లుంటే ఏడుగురే అని కాక చెప్పినప్పుడు మా మేనత్త "అంత పిసినారి మనుషులా" అన్నది. ఆ మాటకు అప్పట్లో అందరమూ నవ్వాము.

హారను సంగతి ఒక్కమాటలో చెప్పి ముందుకు పోతాను. మన లారీల వెనుక "హారన్ ఓకే ప్లీజ్" అని రాసి హారను కొట్టమని బతిమాలుతారు. పెన్‌గంగ దాటి ఆదిలాబాదులోకి వచ్చే లారీలను చూస్తే మహారాష్ట్రలో 2015లోనే ఆ రాతను నిషేధించారన్న సంగతి చాలామందికి తెలియదనిపిస్తుంది. కాక చెప్పినదాని ప్రకారం సౌదీలో ఊరికే హారను కొడితే తిట్టినట్టు, వెనుకనుండి లైటు వేస్తే మాత్రం "తప్పుకో" అని. మన దగ్గర ఎదురుగా వచ్చేవాడు లైటు వేస్తే "నేను వస్తున్నా, నువ్వు ఆగు" అని. ఐరోపాలో అదే లైటు "మీరు పొండి" అన్న మర్యాద అట! ఒకే వెలుగుకు మూడు చోట్ల మూడు భాషలు.

అసలు చెప్పవలసినది ఇంకా ఉంది. బండి కింద మనిషి పడితే ఏమవుతుంది?

అక్కడ దియా. చనిపోయినవారి కుటుంబానికి ఇవ్వవలసిన రక్తధనం. ఎమిరేట్లలో అది చాలా ఏళ్లపాటు రెండు లక్షల దిర్హాములు. ఆ మొత్తం ముందే నిర్ణయమై ఉంటుంది, చనిపోయినవాడు కూలీయా, కంపెనీ యజమానియా అని లెక్క చూడరు. సౌదీలో మాత్రం పురుషుడికి ఒక మొత్తం, స్త్రీకి అందులో సగం. బీమా లేకపోతే, కట్టుకోలేకపోతే, డ్రైవరు జైలులో ఉంటాడు. కాక గదిలో ఉన్నవాళ్లు అలా చిక్కుకున్న మరో ఊరివాడి కోసం తలా కొంత వేసుకున్నారట. అందుకే ఆయన పదహారేళ్లూ మొదట భయపడ్డది సేటుకు కాదు, పోలీసుకు కాదు, రోడ్డు దాటే మనిషికి. మన దగ్గర 1939 చట్టం నుండే ఇతరులకు జరిగే నష్టానికి బీమా తప్పనిసరి. తరువాత ట్రిబ్యునళ్లు వచ్చాయి. వాటిలో లెక్క వేరు, చనిపోయినవాడి వయసు ఎంత, సంపాదన ఎంత, మీద ఆధారపడినవాళ్లు ఎందరు అని. ఎక్కువ సంపాదించేవాడి ప్రాణానికి ఎక్కువ పరిహారం. గుద్దిన బండి దొరకకుండా పోతే 2022 ఏప్రిల్ నుండి మృతుని కుటుంబానికి రెండు లక్షల రూపాయలు, అంతకుముందు పాతికవేలు.

ఏది న్యాయమని అడిగితే వెంటనే చెప్పలేను. అందరికీ ఒకే వెల కట్టడంలో ఒక సమానత్వం ఉంది, కానీ ఆడమనిషిని సగం చేసినచోట ఆ సమానత్వం అక్కడే ఆగిపోయింది. సంపాదన చూసి వెల కట్టడంలో ఒక తర్కం ఉంది, కానీ రోజు కూలీ భార్యకు ఆ తర్కం ఎలా వినిపిస్తుందో ఊహించుకోండి.

మా కాక కాలికి ఈ రెండు న్యాయాలలో ఏదీ వర్తించలేదు. జీపు నడిపినవాడు పక్క ఊరివాడు, మేనమామ వరుస. పోలీసు స్టేషను దాకా పోలేదు, ట్రిబ్యునలూ లేదు. రావిచెట్టు కింద పెద్దమనుషులు కూర్చున్నారు. ఆసుపత్రి ఖర్చు జీపువాడిది, మూడు నెలల ఇంటి ఖర్చు సగం జీపువాడిది సగం కాకదే, ఎందుకంటే తప్పు దిక్కు చూశాడు కాబట్టి. కాక ఒప్పుకున్నాడు. బయటికి వచ్చినాక నాతో మెల్లగా "ఇది గూడ దియానే కద" అన్నాడు. నేను ఔనన్నాను. "ఆడ కోర్టు జెప్తది, ఈడ మన మామ జెప్తడు" అని మళ్ళీ ఆయనే అన్నాడు.

కాలు అతికింది గానీ కొద్దిగా వంకర మిగిలింది. ఆ తరువాత ఊళ్లో ఒక టాటా సుమో కొని నడిపాడు. మొదటి రెండు నెలలు గేరు వేయబోయి కుడిచేత్తో తలుపును గుద్దేవాడు, పక్కన కూర్చున్న మేము నవ్వితే తానూ నవ్వేవాడు. బండి అమ్మేసి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ బస్టాండు ముందర రోడ్డు దాటేటప్పుడు కర్ర నేలకు ఆనించి ఎడమకు చూస్తాడు, కుడికి చూస్తాడు, మళ్ళీ ఎడమకు చూస్తాడు. ఆ తరువాత కూడా నా మోచేయి పట్టుకుని "సూడు బిడ్డా, నువ్వొకసారి సూడు" అంటాడు.